నీచు వాసన

"వాడు నాకు కారు అమ్మలేదోయ్, రోగం అంటగట్టాడు," అంటున్నాడు జగన్మోహన్ ఫోన్‌లో.

వంటింట్లో బెండకాయలు తరుగుతున్న వసుమతికి ఈ వాక్యం కంఠతా వచ్చేసింది. తెలిసిన తెలుగువాళ్ళందరికీ ఆ వారమంతా వరసగా ఫోన్లు చేసి ఇదే చెబుతున్నాడు. చెప్పేకొద్దీ కారు రోగం ముదురుతోంది. శ్యామ్‌సుందర్‌కి చెప్పినప్పుడు కాస్త వణుకుతోంది అన్నది, మరో ఇంటికి చేరేసరికి ఊగిపోతోంది అయింది. ఈ పూట ఫ్రీమాంట్‌లో ఉండే ఆయన చెవిలో చక్రాలు ఊడి పడిపోతున్నాయి.

వాడు అంటే ఏసుపాదం. భీమవరం వైపు మనిషి, చిప్ డిజైన్ ఇంజినీరు. ఎనభైల నాటి ఆ వేసవిలో సన్నీవేల్ చుట్టుపక్కల చిప్ కంపెనీలు మనుషుల్ని తీసేస్తుంటే అతని ఉద్యోగమూ పోయింది. దాంతో ప్రాణంలా చూసుకుంటున్న ఎర్ర స్పోర్ట్స్ కారుని అమ్మేశాడు. పొడుగు ముక్కు, రెండే తలుపులు, స్టార్ట్ చేస్తే పక్కింటి కుక్క లేచి మొరిగేంత వి-ఎయిట్ ఇంజిన్. ఆ కారు మీద జగన్మోహన్‌కి ఏడాదిగా కన్నుంది. అమ్ముతున్నాడని తెలిసిన రోజే ఎగురుకుంటూ వెళ్ళి బేరం కుదుర్చుకొచ్చాడు. ఆ ఎగిరిన సంగతి మాత్రం ఇప్పుడు ఫోన్లలో రావడం లేదు.

భోజనాల దగ్గర అసలు విషయం బయటపెట్టాడు.

"ఏసుపాదం అప్లికేషన్ మా గ్రూప్‌కే వచ్చింది. రిఫరెన్స్‌గా ఎవరి పేరిచ్చాడో తెలుసా? నాది."

"మీదా?"

"కారు అమ్మిన రోజుల్లోనే ఇచ్చాడట. అప్పటికింకా మంచివాళ్ళం కదా. మా మేనేజర్ ఇవాళ పిలిచి, ఇతను నీకు తెలుసటగా, ఎలాంటివాడు అన్నాడు. సోమవారం మీటింగ్‌లోపు చెప్పాలి. ఆదివారం ఇంటికి కాల్ చేసినా పర్లేదన్నాడు."

"ఏం చెబుతారు?"

"ఉన్నదే చెబుతాను. పాడైన సరుకు మంచిదని అమ్మే రకం, డిపెండ్ చేయలేం అని." మజ్జిగ కలుపుకుంటూ తాపీగా అన్నాడు. తలకాయ తీసే మాట ఎప్పుడూ అంత తాపీగానే అంటాడు.

"ఇప్పుడు ఉద్యోగం దొరక్కపోతే వాళ్ళకి వీసా ఉండదటగా. వాళ్ళావిడ నవోమి గారు అన్నారు."

"ఆ సంగతి కారు అమ్మేటప్పుడు ఆలోచించుకోవాల్సింది."

వసుమతి అతని కంచంలో అన్నం వడ్డించి, గరిటె చేతిలోనే ఉంచుకుని అంది. "అది తిప్పేటప్పుడే వణుకుతోందండీ. తిన్నగా పోతున్నప్పుడు ఏమీ లేదు. నేను ప్రాక్టీస్ చేస్తున్నప్పుడు చూశాను. పార్కింగ్‌లోకి మెల్లగా తిప్పితే వెనకనుంచి వస్తోంది."

"నువ్వు స్టీరింగ్ పట్టుకుని నెల కాలేదు," అన్నాడు జగన్మోహన్.

అతను చేయని పరీక్ష లేదు. చక్రాలు బ్యాలెన్స్ చేయించాడు. ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్చాడు. ఇంజిన్ నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే షాఫ్ట్ కీలు మార్పించాడు. ఫ్రీవే మీద జోరుగా పోతూ న్యూట్రల్‌లో వేసి, కిటికీలు మూసి, ఊపిరి బిగపట్టి విన్నాడు. అక్కడ కారు వెన్నలా పోయింది. మామూలు మనిషైతే అందుకు సంతోషించేవాడు. జగన్మోహన్‌కి అందులోనూ కుట్రే కనిపించింది.

"టెస్ట్ డ్రైవ్‌కి నన్ను ఎక్కడికి తీసుకెళ్ళాడు? ఫ్రీవే మీదికి. ఎందుకు తీసుకెళ్ళాడంటావ్?" అని వేలు చూపించి, "వెనక చక్రాలని తిప్పే డిఫరెన్షియల్‌లో క్లచ్‌లు అరిగిపోయాయని వాడికి ముందే తెలుసు. శనివారం రమ్మన్నాను. నా కళ్ళ ముందు ఒప్పుకోవాలి," అన్నాడు.

వసుమతి గరిటె గిన్నెలో పెట్టేసింది. డిఫరెన్షియల్ అన్న మాట వినగానే ఆమెకి ఒక సీసా గుర్తొచ్చింది. నిజానికి కారు మొదటిసారి వణికిన రోజునుంచీ అది గుర్తొస్తూనే ఉంది.

కారు తీసుకున్న రోజు ఏసుపాదం తాళాలు జగన్మోహన్ చేతికిచ్చి, న్యూస్‌పేపర్‌లో చుట్టిన చిన్న సీసా ఒకటి వసుమతి చేతికిచ్చాడు. "మళ్ళీ ఎప్పుడైనా వెనక ఆయిల్ మారిస్తే ఇది కూడా పోయమనండి. ఈ బండికి ఇది లేకపోతే పడదు," అన్నాడు. మూత సరిగ్గా బిగించి లేదు. కాగితం తడిసి, గుప్పున కొట్టింది. "అబ్బ, నీచు వాసన," అంటూ వసుమతి చేయి దూరంగా చాపింది. చేపలూ మాంసమూ వాసనొస్తే వాళ్ళింట్లో పుట్టినప్పటినుంచీ అనే మాటే అది. ఆమె అన్నది సీసానే. కానీ ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని అది నోరు దాటాకగాని తట్టలేదు. కారు తలుపు దగ్గర నవోమి నిలబడి ఉంది. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళలో మాత్రం ఆరిపోయింది.

ఆ రోజే శ్యామ్‌సుందర్ దంపతులు కూడా ఉన్నారు. వాళ్ళకి స్టీలు గ్లాసుల్లో కాఫీ. ఏసుపాదానికీ నవోమికీ పేపర్ కప్పుల ప్యాకెట్ కొత్తది విప్పించాడు జగన్మోహన్. వసుమతి విప్పి ఇచ్చింది.

తర్వాత కారుకి శుద్ధి జరిగింది. పసుపునీళ్ళు చల్లారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, సీట్లకి కొత్త తొడుగులు వేశారు. అంతవరకూ అందరూ చేసేదే. జగన్మోహన్ అక్కడితో ఆగలేదు. ఇంజిన్ ఆయిల్ మార్చాడు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కూడా తీసి పారబోశాడు. అన్నీ మార్చే ఇస్తున్నానని ఏసుపాదం చెప్పాడు కదా అని వసుమతి అంటే, "వాళ్ళు పోసిందే కదా," అన్నాడు. గేర్ ఆయిల్‌కి కూడా అంటు ఉంటుందని ఏ శాస్త్రంలో రాశారో ఆయనకే తెలియాలి. సీసాని వాసన చూసి, "చేప నూనె ఇది, నా కారులో పోస్తానా," అని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, వీధి చివర చెత్త డబ్బాలో పడేసొచ్చి చేతులు కడుక్కున్నాడు. ఇంజినీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి.

శనివారం పొద్దున్న ఏసుపాదం, నవోమి వచ్చారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతిలో పాత గుడ్డల సంచి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వాళ్ళూ గుమ్మం వైపు చూడలేదు. వసుమతి కాఫీ తెస్తానంటే నవోమి భుజానున్న బ్యాగులోంచి ఫ్లాస్కు పైకి తీసి చూపించింది.

"వద్దులెండి. మాది మేం తెచ్చుకున్నాం."

ఫ్లాస్కు మీద రెండు కప్పులూ బోర్లించి ఉన్నాయి. స్టీలువి. వసుమతికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏసుపాదం తాళాలకోసం చేయి చాపాడు. జగన్మోహన్ వాటిని చేతిలో పెట్టకుండా బానెట్ మీద పెట్టాడు. ఇద్దరూ కారెక్కారు. ఇంటిముందు రోడ్డు మీద తిన్నగా ఆ చివరిదాకా వెళ్ళొచ్చారు, ఏమీ లేదు. కారు నిలిపే కార్‌పోర్ట్ ముందు స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా లోపలికి తెస్తుంటే వెనక భాగం చలిజ్వరం వచ్చినవాడి పళ్ళలా టకటకలాడింది. ఏసుపాదం ఆపి, వెనక్కి పోనిచ్చి, మళ్ళీ అటువైపు తిప్పాడు. మళ్ళీ అంతే. ఇంజిన్ ఆపేసి కిందికి దిగాడు.

"వెనక ఆయిల్ మార్చారా?"

"మార్చాను. తీసుకున్న వారమే," అన్నాడు జగన్మోహన్.

"నేను మార్చే ఇచ్చానుగా. మళ్ళీ ఎందుకు మార్చారు?"

జగన్మోహన్ బానెట్ మీద దుమ్ము చేత్తో తుడిచాడు. దీనికి జవాబు అతను శ్యామ్‌సుందర్‌కైతే నవ్వుతూ చెప్పాడు. ఏసుపాదం వంగి వెనక ఇరుసు కిందికి చూశాడు.

"సరే. సీసా పోశారా?"

"పోశాను."

వసుమతి తల తిప్పి మొగుడివైపు చూసింది. అతని మొహంలో తడబాటు లేదు. పోయలేదంటే ఎందుకు పోయలేదో చెప్పాలి. అది చెప్పడంకంటే అబద్ధం తేలికైంది.

"పోస్తే ఇలా రాదే," అన్నాడు ఏసుపాదం. "చూడండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ సర్దుబాటుకి లోపల క్లచ్ పలకలు ఒకదానిమీద ఒకటి జారాలి. ఆ సీసాలోది లేకపోతే జారవు. పట్టుకుంటాయి, వదుల్తాయి, పట్టుకుంటాయి. అదే ఈ టకటక."

"నాకు పాఠం చెప్పొద్దు. పలకలు అరిగిపోయినా ఇలాగే వస్తుంది. అరిగిపోయాయని నీకు తెలుసు."

మీరు పోయి నువ్వు వచ్చింది. నవోమి ఫ్లాస్కుని బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

"విప్పండి," అన్నాడు ఏసుపాదం. "కవర్ విప్పి చూద్దాం. అరిగితే కనపడుతుంది. నాదే తప్పని తేలితే కారు నేనే వెనక్కి తీసుకుపోతాను."

జాకీ పెట్టి వెనక భాగం లేపి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టారు. అట్టపెట్టెలు విప్పి పరుచుకుని ఇద్దరూ చెరోవైపునుంచి లోపలికి దూరారు. అంత ఇరుకులో కూడా ఒకరి చేయి ఒకరికి తగలకుండా పనిచేశారు. ఇరుసు మధ్యలో చిన్న గుమ్మడికాయంత గుండ్రటి ఇనప బుర్ర, దానికి వెనక రేకు కవర్. ఏసుపాదం కింది బోల్టులు ముందు వదులు చేసి, పైది ఒకటి అలాగే ఉంచి, స్క్రూడ్రైవర్ మొనతో అంచు లేపాడు. తేనెరంగు నూనె జారి కింది పళ్ళెంలో పడింది. గంధకం వాసన.

ఏసుపాదం టార్చి వేసి గేర్ల పళ్ళన్నీ చూశాడు. కవర్ లోపల అంటిపెట్టుకున్న చిన్న అయస్కాంతాన్ని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని బయటికి పట్టుకొచ్చాడు. దానిమీద బూడిదరంగు ముద్ద తప్ప, అరిగితే రాలే ఇనుము ముక్క ఒక్కటి లేదు. తర్వాత పళ్ళెంలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇందులో అది లేదు."

"కుక్కలా వాసన చూసి చెప్పేస్తావా?"

ఏసుపాదం చేతిలో గుడ్డ ఆగిపోయింది. కొడతాడేమో అనుకుంది వసుమతి. కొట్టినా బాగుండు అనుకుంది. అతను ఆ గుడ్డతోనే వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, వసుమతివైపు తిరిగాడు.

"మీ చేతికే ఇచ్చాను కదమ్మా ఆ సీసా. మీరు చెప్పండి. ఏమైంది?"

అందరూ ఆమెనే చూశారు. జగన్మోహన్ చూపులో కోపం కూడా లేదు, నిశ్చింత ఉంది. తన పెళ్ళాం ఏం చెబుతుందో అతనికి అనుమానమే లేదు.

"నాకు తెలీదండీ," అంది వసుమతి.

ఏసుపాదం తలాడించాడు. ఆ జవాబు ముందే తెలిసినట్టు, అయినా ఒకసారి అడిగి చూసినట్టు. గుడ్డలు సంచిలో పెట్టుకున్నాడు.

"తెలియకపోవడమేంటి," అంది నవోమి. ఆమె గొంతు పెద్దది కాదు. "నీచు వాసనొస్తుందని పారేసుంటారు. వీళ్ళకి మనం ముట్టుకున్నదేదైనా అదే వాసన. పదండి."

వాళ్ళ పాత కారు మలుపు తిరిగేదాకా జగన్మోహన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, "చూశావా పొగరు? మొగుడి పనికోసం నా పేరిచ్చి నా గుమ్మంలో నిలబడి నన్నే అంటుంది," అన్నాడు. తెలీదండీ అన్న తన గొంతే వసుమతి చెవుల్లో వినపడుతోంది. ఇంత చదువుకుని, ఇంత దూరం వచ్చి, ఒక సీసా సంగతి చెప్పడానికి నోరు రాలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం పాలు తెస్తానని చెప్పి ఎల్ కమీనో రోడ్డు మీద నడుచుకుంటూ ఆటో పార్ట్స్ కొట్టుకి వెళ్ళింది. కావలసిన దాని పేరు ఆమెకి తెలియదు. కౌంటర్ వెనక లావుపాటి తెల్లాయనకి చేతులతో గుండ్రంగా చూపించి, కారు వెనక, చిన్న సీసా, బాగా కంపు కొడుతుంది, చేపలా, అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ఆఖరి మాటకి నవ్వి, వెనక అరలోంచి సరిగ్గా అలాంటి సీసానే తెచ్చి పెట్టాడు.

"ఇందులో చేప ఉంటుందా?" అని అడిగింది.

అతను ఆమె బొట్టువైపు, చీరవైపు చూసి ఈసారి నవ్వకుండా చెప్పాడు. ఎప్పుడో తిమింగలం నూనె కలిపేవాళ్ళట. అది ఆపేసి చాలా ఏళ్ళయిందట. ఇప్పుడంతా ఫ్యాక్టరీలో చేసిన కెమికలేనట. పోశాక ఖాళీ స్థలం చూసుకుని మెల్లగా ఇంగ్లీషు ఎనిమిది ఆకారంలో తిప్పుతూ ఉండమన్నాడు. పలకల మధ్యకి చేరడానికి కాస్త టైం పడుతుందట.

పాల డబ్బా, సీసా ఒకే సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. సీసాని బియ్యం డబ్బా వెనక దాచింది. కారు బాగైపోతే ఆయన కోపం చల్లారుతుంది, కోపం చల్లారితే మేనేజర్‌తో చెప్పే మాట మారుతుంది అని ఆమె లెక్క. ఎవరినీ ఏమీ అనకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా అన్నీ సర్దుకుపోయే దారి అది. అలాంటి దారులు వెతకడం ఆమెకి బాగా అలవాటు.

ఆదివారం టిఫిన్ కాగానే జగన్మోహన్ కవర్ బిగించాడు. అంచుకి అంటిన పాత గాస్కెట్ పట్టీ గీకేసి, కొత్తది అంటించి, బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. పనిమంతుడే, అది కాదనలేం. పక్కనున్న రంధ్రంలోంచి కొత్త గేర్ ఆయిల్ పోయడం మొదలుపెట్టాడు. రంధ్రం అంచుదాకా రావాలి. రాలేదు. నిన్న కవర్ విప్పడంతో ఉన్నదంతా పోయింది, ఇంట్లో ఉన్న సీసాలు చాల్లేదు. విసుక్కుంటూ కిందనుంచి బయటికొచ్చి, రంధ్రం మూత గుడ్డమీద పెట్టి, ఇంకో సీసా కోసం తమ రెండో కారు పాత వ్యాగన్‌లో వెళ్ళాడు.

వసుమతి చీర కుచ్చిళ్ళు దోపి అట్టమీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. కారు బరువంతా మొహానికి జానెడు ఎత్తులో ఉంది. స్టాండ్లు జారితే అనుకుంది, అనుకుని జరిగింది. రంధ్రం చీకట్లో ఉంది. వేలితో తడుముకుని సీసా ముక్కు అందులో పెట్టి నొక్కింది. సగం లోపలికి పోయింది, కాస్త వేళ్ళమీదుగా మోచేతిదాకా కారింది. వాసనకి మొహం పక్కకి తిప్పుకుంది. పళ్ళు బిగించి ఆఖరి చుక్కదాకా పిండి, బయటికొచ్చి, ఖాళీ సీసా న్యూస్‌పేపర్‌లో చుట్టి చెత్తలో అడుక్కి తోసింది. శనగపిండితో, నిమ్మచెక్కతో, చింతపండుతో చేయి తోముకుంది.

జగన్మోహన్ వచ్చి, మిగతా ఆయిల్ పోసి, మూత బిగించి, కారు దించాడు. పక్కవీధిలో ఆదివారం మూసేసిన ఆఫీసు పార్కింగ్ ఖాళీగా ఉంది. వసుమతి కూడా ఎక్కింది. మొదటి మలుపులో టకటకలాడింది.

"చెప్పానా, క్లచ్‌లే పోయాయి," అన్నాడు.

"ఎనిమిదులు వేసి చూడండి. మన ఊళ్ళో లైసెన్స్ టెస్ట్‌కి వేయిస్తారు చూడండి, అలా. మెల్లగా."

ఏమనుకున్నాడో వేశాడు. ఎర్ర కారు ఖాళీ స్థలంలో ఇటు చుట్టు, అటు చుట్టు తిరిగింది. టకటక కాస్త తగ్గి గరగర అయింది. ఇంకొన్ని చుట్లకి గరగర కూడా తగ్గింది. చివరికి స్టీరింగ్ పూర్తిగా తిప్పినా కారు చప్పుడు లేకుండా తిరిగింది. జగన్మోహన్ బ్రేక్ వేసి, మళ్ళీ తిప్పి చూసి, పెద్దగా నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

"చూశావా? మొత్తం కడిగి, నా చేత్తో శుభ్రంగా పోశాను. వాడి చేయి తగిలినంతకాలమే దీని రోగం."

వసుమతి కుడిచేయి చీర కొంగులో చుట్టుకుంది.

"నిన్న ఎంత మాట్లాడాడు. సీసా లేదు, సీసా లేదు అని. ఏ సీసా లేకుండా బాగవలేదా?" ఇంటికి పోతున్నంతసేపూ అదే. "ఇక నేను అబద్ధం చెప్పక్కర్లేదు. మేనేజర్‌కి క్లియర్‌గా చెబుతాను. మనిషి మోసగాడు, టెక్నికల్‌గా కూడా ఏమీ తెలీదు అని. భోంచేసి కాల్ చేస్తాను."

కారు బాగైంది. కోపం చల్లారలేదు, దానికి రుజువు కూడా దొరికింది. ఆ రుజువు వసుమతి తన చేతులతోనే పిండి పోసింది.

అతను స్నానానికి వెళ్ళగానే ఫోన్ తీసింది.

"నవోమి గారూ, నేను వసుమతిని."

"చెప్పండి."

"ఆ సీసా ఆయన పోయలేదు. పారేశాం. నిన్న నేను తెలీదన్నది అబద్ధం."

"ఆ సంగతి మాకు నిన్ననే తెలుసు. తెలియాల్సింది మాకు కాదు కదండీ."

"ఇవాళ నేను ఇంకోటి కొని పోశాను. కారు బాగైంది." రిసీవర్ రెండో చేతికి మార్చుకుంది. "ఆ రోజు నేనన్నది సీసానండీ. మిమ్మల్ని కాదు."

"మీరు సీసానే అన్నారు. మీరన్నప్పుడు మీవారు ఎవరివైపు చూసి నవ్వారో మీరు చూళ్ళేదు. నేను చూశాను," అంది నవోమి. ఫోన్ పెట్టేసింది. విసురుగా కాదు, మామూలుగానే పెట్టేసింది.

జగన్మోహన్ తల తుడుచుకుంటూ వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పప్పు, బెండకాయ వేపుడు, చారు. వసుమతి నెయ్యి వేయబోతుంటే ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటిది, నీచు వాసన?"

కంచంలోకి చూశాడు. పప్పు గిన్నె దగ్గరికి లాక్కుని చూశాడు. కిటికీవైపు తిరిగి, "పక్కింటివాళ్ళేనా వండుతున్నది? ఆ కిటికీ ముయ్," అన్నాడు.

వసుమతి నెయ్యి గిన్నె బల్లమీద పెట్టి కుడిచేయి అతని మొహం ముందు పెట్టింది.

"నాది. నా చేతిది."

అతను వెనక్కి జరిగాడు.

"ఆ సీసాది. ఇంకోటి కొనుక్కొచ్చాను. మీరు ఆయిల్ కోసం వెళ్ళినప్పుడు నేనే పోశాను. కారు బాగైంది అందుకే. ఏసుపాదం గారు చెప్పిందే నిజం."

జగన్మోహన్ ఆమె చేతివైపు, మొహంవైపు మార్చి మార్చి చూశాడు. "నువ్వు కారు కిందికి దూరావా?"

"దూరాను."

"ఆ చేప నూనె పట్టుకుని?"

"చేప కాదట. కొట్టులో అడిగాను. చేపయినా పోసేదాన్నే."

చాలాసేపు కంచంలో మెతుకులు కెలికాడు. చివరికి మామూలు గొంతు తెచ్చుకుని, "సరే, అయిందేదో అయింది. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. ఎవరితోనూ అనకు," అన్నాడు.

"నవోమి గారికి చెప్పేశాను."

"ఎవర్నడిగి చెప్పావు?"

"నిన్న ఆయన నన్ను అడిగారుగా. ఇవాళ జవాబు చెప్పాను. శ్యామ్‌సుందర్ గారు అడిగితే ఆయనకీ ఇదే చెబుతాను. మీ మేనేజర్ అడిగినా ఇదే."

జగన్మోహన్ లేచాడు. కుర్చీ వెనక గోడకి కొట్టుకుంది. వసుమతి కదల్లేదు. భయం వేసింది, కానీ నిన్న వేసినంత వేయలేదు. అతను సింక్ దగ్గర చేయి కడుక్కున్నాడు, కడుక్కున్నదే మళ్ళీ కడుక్కున్నాడు. తర్వాత హాల్లోకి వెళ్ళాడు. ఫోన్ డయల్ తిరిగి, తిరిగి, ఆగిన చప్పుడు వంటింట్లోకి వినపడింది.

"యా, దిస్ ఈజ్ జగన్... యెస్, ఐ నో హిమ్." ఇక్కడ చాలాసేపు ఆగాడు. అవతలి మనిషి లైన్లో ఉన్నావా అని అడిగినట్టున్నాడు. "నో, నో. నో ప్రాబ్లమ్ ఎట్ ఆల్. గుడ్ ఇంజినీర్. వెరీ కేర్‌ఫుల్ మ్యాన్." ఫోన్ పెట్టేసిన తర్వాత అతను వంటింట్లోకి రాలేదు. పడగ్గది తలుపు మూసుకున్న చప్పుడైంది.

వసుమతి అతని కంచం తీసి పక్కన పెట్టి, తనకి వడ్డించుకుంది. చేయి ఇంకా వాసన వస్తూనే ఉంది. ఎడమచేత్తో చెంచా అందుకుని, మళ్ళీ పెట్టేసింది. ఆ కుడిచేత్తోనే అన్నం కలుపుకుని, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.